జింక కాదు సార్, మాను!

మునికృష్ణ బాబాయికి తమిళంలో రాని మాట ఒక్కటే: చెట్టు.

మిగతాదంతా వచ్చు. పుట్టింది మద్రాసు చూలైలో. టికెట్లమ్మి రిటైరైంది పెరంబూరు స్టేషన్లో. వాళ్ళ తాతలకు తాతలు కూడా ఈ ఊళ్ళోనే పుట్టి ఈ ఊళ్ళోనే పోయారు. తమిళంలో బేరమాడగలడు, తగువు పెట్టుకోగలడు, చావింటికి వెళ్ళి ఓదార్చగలడు, ఆటోవాడు గొంతు పెంచకముందే తను పెంచగలడు. కానీ చెట్టు దగ్గరికి వచ్చేసరికి, ఊరంతా 'మరం' అనే చోట ఈయన 'మాను' అంటాడు. మాను అంటే తెలుగులో చెట్టే, కాదనను. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్ళకది పొద్దున లేస్తే నోట్లో నలిగే మాట. వచ్చిన చిక్కల్లా తమిళంలో మాన్ అంటే జింక కావడం.

ఇక చూస్కోండి. 'వానొస్తే మాను కింద నిలబడినా' అని ఈయన తమిళంలో అంటే, ఇంత మనిషి జింక కింద ఎలా దూరాడా అని ఎదుటివాళ్ళు ఆలోచనలో పడతారు. 'ఎండగా ఉండాది, బండి మాను కింద పెట్టుకో' అంటే కొరియర్ తెచ్చినాయన వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా జింకను వెతుక్కుంటాడు. తుపాను మర్నాడు 'మా వీధి మాను విరిగి కారు మీద పడె' అంటే, 'అయ్యో పాపం, ప్రాణముందా?' అని అడిగినావిడ ఉంది. 'ప్రాణం యాడిది, అప్పుడే రంపంతో కోసి మోపులు కట్టి ఎత్తుకుపోయినారు' అని ఈయన జవాబు. ఆవిడ ఆ పూట అన్నం తిన్నదో లేదో నాకు తెలీదు.

"బాబాయ్, అది మరం అండీ, మరం!" అని నేనే ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"ఏందప్పా, మానును మాను అనకపోతే మంచం అంటారా?" అని నన్నే దబాయించేవాడు.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు. పేరు చక్రవర్తి, ఉండేది అద్దె గదిలో. తెనాలి నుంచి సినిమాలకు రాద్దామని వచ్చి, తమిళ సీరియళ్ళకు తెలుగు మాటలు రాసుకుంటూ ఇక్కడే ఉండిపోయాను. బాబాయి ఇంటి మేడ మీది గదికి అద్దెకు వెళ్ళిన రోజున ఇంటర్వ్యూ ఇలా జరిగింది.

"యా ఊరు మీది?"

"తెనాలండీ."

"పనేంది?"

"తమిళ సీరియళ్ళకు తెలుగు డైలాగులు రాస్తానండీ."

"అరవం వచ్చునా?"

"అక్షరాలు కూడబలుక్కుని చదువుతానండీ. మాటలే ఇంకా సరిగా..."

"పరవాలేదు. ఈడే ఉండావు కదా, నేను నేర్పిస్తా!"

అదే నా కొంప ముంచింది. సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ నేర్పించాడు. పిన్నిగారు, అంటే ఆయన భార్య రాజలక్ష్మమ్మగారు, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేది. కొన్నాళ్ళకు ఓ సీరియల్లో హీరో హీరోయిన్ కళ్ళలోకి చూస్తూ 'మాన్ విళియే' అన్నాడు. జింక కళ్ళదానా అని అర్థం. బాబాయి శిష్యుణ్ణి కదా, నేను 'చెట్టు కళ్ళదానా' అని రాసిచ్చాను. డబ్బింగ్ చెప్పే మహానుభావుడు కాగితం మీద ఏముంటే అది చదువుతాడు. 'ఓ చెట్టు కళ్ళదానా, ఒక్కసారి ఇటు చూడవూ' అని గొంతులో తేనె పోసి మరీ చదివాడు. మా నిర్మాత నరేన్ లేచి నిలబడ్డాడు.

"చెట్టుకు కళ్ళేంటి సార్? నన్ను రోడ్డున పడేద్దామనా?"

ఆ కోపమంతా మోసుకొచ్చి బాబాయి ముందు పడేశాను. ఆయన తొణకలేదు.

"చెట్టుకు కళ్ళుండవా? చెరుకుకు కన్నుండదా? కొమ్మకు కన్నుండదా? ఆ కంట్లోనించే కదప్పా చిగురొచ్చేది. మీ నిర్మాతకు సేద్యం తెలవదు, అదీ సంగతి."

పిన్నిగారు చిక్కుడుకాయల మీదికి వంగిపోయి నవ్వింది. ఆ మర్నాడే ఓ నిఘంటువు కొనుక్కొచ్చి నా తంటాలు నేను పడ్డాను.

ఆ ఇంట్లో నేను అన్నేళ్ళు ఉండిపోవడానికి కారణం మాత్రం పెరట్లో ఉన్న పాల చెట్టే. చూలై సంగతి తెలుసుగా, గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు, మధ్యలో తగరం కొట్టేవాళ్ళూ, అచ్చాఫీసులూ, వెల్డింగు షాపులూ. అంత ఇరుకులో, అంత వేడిలో, నా కిటికీ పక్కన నల్లటి నీడ. చిన్న చిన్న దళసరి ఆకులు, నూనె రాసినట్టు మెరుస్తూ ఉండేవి. నడివేసవి కత్తిరి ఎండల్లో ఊరంతా వాడిపోయినా అది మాత్రం ఒక్క ఆకు వాడ్చేది కాదు. దాని పుణ్యమా అని నా గదిలో పంకా కూడా బద్ధకంగానే తిరిగేది.

అసలది ఆ ఇంటివాళ్ళు కోరి పెంచుకున్న చెట్టు కాదు. బాబాయి నాన్నగారు నర్సరీ నుంచి సపోటా అంటు తెచ్చి నాటాడట. సపోటాను పాల మొక్క మీద అంటు కడతారు. వేరు పాలది, కొమ్మ సపోటాది. కాలక్రమాన పైన కట్టిన సపోటా కాస్తా ఎండిపోయింది, కింది వేరు బతికింది. పెద్దాయనకు ఆ సంగతి తెలియదు.

"మా నాయన ఏండ్లకేండ్లు నీళ్ళు పోసినాడు. పోస్తా పోస్తా 'ఎప్పుడు కాస్తావమ్మా' అని అడిగేవాడు. కడాకు కాసిందిరా అని చూస్తే ఏముండాది? యాపకాయంత పండు! 'అయ్యో, సపోటాకు ఏదో రోగం, ఇట్ల చిక్కిపోయిందే' అని మందు తెచ్చి కొట్టినాడు" అని బాబాయి కడుపు పట్టుకుని నవ్వేవాడు.

దానికి అసలు పేరు పెట్టింది పిన్నిగారే. ఆవిడది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. పులికాటు దాటితే శ్రీహరికోట అడవి. కొత్తకోడలుగా చూలైకి వచ్చి, పెరటి తలుపు తెరిచి, కెవ్వున అరిచిందట.

"ఇది మా అడవి మాను నాయనా! సముద్రం పక్కన ఇసకలో పెరుగుతాది. ముళ్ళ పొదల మధ్యన, ఉప్పుగాలిలో. మా ఆడ పెద్ద మాకులుండాయి, మా జేజి చిన్నప్పుడూ అంతే లావంట, ఇప్పుడూ అంతే లావు. అంత నిదానం దానికి. ఎండాకాలం పండ్లు రాల్తాయి. పసుప్పచ్చగా, ఎంత తీపో! కానీ పాలు కదా, నాలుగు తింటే పెదాలు అతుక్కుంటాయి. మేం అల్లరి చేస్తే మా అమ్మ కొట్టేది కాదు, పాలపండ్లు పెట్టేది."

ఈ చెట్టు వల్లే బాబాయి చరిత్రలోకెల్లా గొప్ప ఘట్టం జరిగింది. ఓసారి దాని కొమ్మ కరెంటు తీగను తాకుతోంది. బాబాయి ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేసి, తమిళంలో, 'మా ఇంటి పాలమాను కరెంటు తీగను రాసుకుంటా ఉండాది' అన్నాడు. అవతలివాళ్ళు పాలమానును 'పాల్ మాడు' అని విన్నారు. అంటే పాడిఆవు. సాయంత్రానికల్లా వీధి పశువుల్ని పట్టే లారీ వచ్చి ఇంటి ముందు ఆగింది, మోకులూ మనుషులతో సహా.

"ఆవెక్కడ?" అన్నాడు వాళ్ళ మేస్త్రీ.

"ఆవు కాదప్పా, మాను!"

మేస్త్రీ ముఖం మారింది. "జింకనా? ఇంట్లో జింకను పెంచుతున్నావా? లోపలేస్తారు, తెలుసా?"

"పాలమాను అప్పా!"

"పాలిచ్చే జింకా? ఎన్ని లీటర్లిస్తుంది?"

"ఆకు తుంచితే రెండు చుక్కలు!"

పక్కింటి లూర్దుమేరి గోడ మీద గడ్డం ఆనించి ఈ వైభవమంతా చూస్తోంది. ఆవిడ తమిళావిడ, పిన్నిగారి వయసే, గోడ అవతల నుంచి ఈ ఇంటి వినోదం చూడటమే ఆవిడకు సీరియలు. "వదిలేయండయ్యా, ఆ ఇంట్లో జింకలకు వేళ్ళుంటాయి, కొమ్మలుంటాయి, కాయలు కాస్తాయి" అంది. మేస్త్రీ పెరట్లోకి వెళ్ళి చూసి నెత్తి కొట్టుకున్నాడు. పిన్నిగారు అందరికీ దోసెడేసి పాలపండ్లు పెట్టింది. తిన్నారు, పెదాలు అతుక్కున్నాయి, తిట్టడానికి నోరు రాక అలాగే లారీ ఎక్కారు.

అన్నట్టు, పిన్నిగారూ మానే అనేది. తమిళంలో మాట్లాడినా సరే, బాబాయి మాను అంటే ఆవిడ కూడా మాను. మొగుడూ పెళ్ళాలకు ఒకటే జబ్బు, ఈ వయసులో ఇంకేం తగ్గుతుందిలే అని నేను వదిలేశాను.

ఇంతవరకూ నవ్వుతూ చెప్పుకొచ్చాను. ఇక్కడ్నించి నాకు కొంచెం కష్టం.

పెరట్లో వెనక సగం బాబాయి తమ్ముడి వాటా. ఆయన దాన్ని ఓ బిల్డరుకు అమ్ముకున్నాడు. గోడ కట్టడానికి తాడు పట్టి చూస్తే, గీత సరిగ్గా పాలచెట్టు నడుమ నుంచి పోయింది. బాబాయి పోయి ఆ బిల్డరును బతిమాలాడు.

"గోడను రవంత వంకర తిప్పండప్పా. మానుకు వంకర తెలవదు, గోడకేం, ఎట్ల కడితే అట్ల నిలబడతాది."

"చూద్దాం సార్, చూద్దాం" అన్నాడు ఆ పెద్దమనిషి. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. దానికి అడగడం, వాళ్ళొచ్చి చూడటం, ఇదంతా తేలేసరికి ఆలస్యమని ఆయన లెక్క. మాఘమాసం, చెట్టు నిండా తెల్లటి చిన్న పూత. ఓ ఆదివారం పొద్దున, ఆఫీసులన్నీ మూసి ఉన్న పూట చూసుకుని, మిషన్ రంపం ఇచ్చి మనుషుల్ని పంపించాడు.

నేను ఆ వేళకు రికార్డింగ్ థియేటర్లో ఉన్నాను. లోపల ఫోన్లు ఆపేయాలి. బాబాయి నాకు చేసి చేసి, దొరక్క, ఫిర్యాదుల నంబరుకు చేశాడు. పిన్నిగారు ఆయన చొక్కా అంచు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆ తర్వాత జరిగింది నాకు కొంత గోడ మీంచి విన్న లూర్దుమేరి, కొంత ఫోనుకు అటువైపున్న వాళ్ళు తర్వాత చెప్పారు.

"నరికేస్తా ఉండారు! మా ఇంట్లో మాను నరికేస్తా ఉండారు! బిరీన రండి!" అన్నాడట బాబాయి, తమిళంలో.

అవతల ఫోనెత్తిన అమ్మాయికి గుండె ఆగినంత పనైంది. "జింకనా సార్? ఇంట్లోనా? ఎన్ని?"

"ఒకటే తల్లీ, ఉండేది ఒకటే!"

"ప్రాణముందా సార్?"

"ఉండాది, ఉండాది! సగమే కోసినారు!"

ఆ పిల్ల ఏడ్చేసిందట. ఇంకేముంది, అడవి జంతువుల్ని కాపాడే జీపు ఆగమేఘాల మీద వచ్చేసింది. వల ఉంది, స్ట్రెచర్ ఉంది, పశువుల డాక్టరున్నాడు. థియేటర్ బయటికొచ్చి బాబాయి చేసిన ఫోన్లన్నీ చూసుకుని, సరిగ్గా అప్పుడే నేనూ వీధి మొదట్లో ఆటో దిగి పరిగెత్తుకొచ్చాను. ఖాకీ బట్టలు చూసేసరికి రంపంవాళ్ళు భయపడి మిషన్ ఆపేశారు. పిన్నిగారు 'వెంకన్నా, వచ్చినావా సామీ' అని చేతులెత్తి దండం పెట్టింది. ఒక్క క్షణం మా అందరికీ చెట్టు దక్కిందనే అనిపించింది.

జీపులోంచి దిగిన అధికారి పేరు ఆరోగ్యసామి. ఆయన పెరడంతా కలయజూశాడు. నేల మీద రక్తం కోసం వెతుకుతున్నాడు, పాపం.

"మాన్ ఎక్కడ?" అన్నాడు.

"ఇదే సార్!" అన్నాడు బాబాయి, చెట్టు మీద చెయ్యేసి.

"అది సరే, జింక ఎక్కడ?"

"జింక కాదు సార్, మాను!"

"అదే నేనూ అడిగేది. మాన్ ఎక్కడ?"

నేను మధ్యలో పడి, "మరం సార్, మరం! ఆయన చెప్పింది మరం!" అన్నాను.

ఆరోగ్యసామి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు, వచ్చినా బాగుండేది. "మరమని ఫోన్లో ఒక్క మాట అనుంటే ఎంత బాగుండేదండీ! చెట్లు చూసే ఆయన ఉండేది మీకు రెండు వీధుల అవతలే. నడిచొచ్చి ఆపేసేవాడు" అంటూ, అప్పటికప్పుడు ఆయనకు ఫోన్ చేశాడు. ఆ పుణ్యాత్ముడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు కూడా. కానీ రంపం అప్పటికే నడుము దాటిపోయింది. ఆయన గేటు తీస్తుండగా చెట్టు మూలిగినట్టు చప్పుడు చేసి, మా కళ్ళ ముందే పక్కకు వాలిపోయింది. పూతంతా పెరడు నిండా రాలింది. పిగిలిపిట్టలు కాసేపు అక్కడక్కడే తిరిగి, వాలడానికి కొమ్మ దొరక్క లూర్దుమేరి ఇంటి తీగ మీదికి పోయాయి. ఆ వంటింట్లోకి ఎన్నడూ రాని ఎండ నేరుగా పడింది. పిన్నిగారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

బిల్డరుకు తర్వాత నోటీసు వచ్చింది, శిక్ష కూడా పడిందన్నారు. ఏం లాభం? నాకు ఆ నంబరు మీదా కోపం రాలేదు, ఆరోగ్యసామి మీదా రాలేదు. బాబాయి మీద వచ్చింది. నిజం చెప్తున్నాను, పట్టరానంత వచ్చింది. ఒక్క మాట! ఇన్నేళ్ళలో నేర్చుకోలేకపోయాడే ఈ మొండి మనిషి!

ఆరోగ్యసామిని సాగనంపడానికి బాబాయి వీధి మలుపు దాకా వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను, నాలుగు మాటలు అందామనే. అప్పుడు విన్నాను. బాబాయి ఆయనతో తమిళంలో మాట్లాడుతున్నాడు. ఎక్కడా తడుముకోవడం లేదు. 'ఈ మరం మా నాన్నగారు నాటిందండీ. ఇలాంటి మరాలు ఈ తీరమంతా అడవులుగా ఉండేవట. ఇప్పుడు మీ గిండీ అడవిలో ఉన్నాయంటారు, నిజమేనా?' అని అడుగుతున్నాడు. మరం! మరాలు! నేను నిఘంటువు కొనుక్కుని నేర్చుకున్న తమిళం దాని ముందు నత్తినత్తిగా వినిపించింది.

జీపు వెళ్ళిపోయింది. "బాబాయ్!" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి, దొంగ దొరికినట్టు నిలబడిపోయాడు.

"మీకు మరం అనడం వచ్చా?"

"టికెట్ కౌంటర్లో బతుకంతా కూర్చున్నోడికి అరవం రాదా నైనా?"

"మరి పొద్దున ఫోన్లో ఏమైంది?"

"ఫోన్ చేసేటప్పుడు మీ పిన్ని పక్కనే ఉండె కదప్పా."

నాకేం అర్థం కాలేదు. మూసున్న కొట్టు అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"పెండ్లయిన కొత్తలో మీ పిన్ని వీధి కొళాయికి పోయింది. అరవం ఒక ముక్క రాదు. ఆడ ఆడోళ్ళందరూ ఉంటే, మాట కలపాల కదా. 'మా ఇంట్లో మాను ఉండాది, మీ ఇంట్లో ఉండాదా' అని అడిగింది. ఎంత సంతోషంగా అడిగిందో! అందరూ పక్కున నవ్వినారు. 'జింక ఉండాదా, మరి సింహం లేదా' అని. ఆ పొద్దు నించి 'మాన్‌కుట్టి, మాన్‌కుట్టి' అని పిలిచేవాళ్ళు, జింకపిల్లంట. ఆమె బిందె ఆడే వదిలేసొచ్చి, తలుపేసుకుని ఏడిచింది. మళ్ళీ కొళాయికి పోనంటే పోనని, నోరు కుట్టేసుకున్నట్టు ఇంట్లోనే ఉండిపోయె."

"అయితే?"

"అయితే ఏముండాది? మర్నాడు నేనే బిందెత్తుకుని పోయినా. పోయి, 'ఏమ్మా, మా ఇంటి మాను నీడకు కొంచెం వచ్చి కూర్చుంటారా' అన్నా. వాళ్ళు నన్ను జూసి ఇంకా నవ్వినారు. 'ఓహో, ఆ ఇంట్లో అందరూ ఇంతే' అనుకున్నారు. ఇంటికొచ్చి మీ పిన్నితో చెప్పినా, 'చూడు, ఈడ పుట్టినోణ్ణి, నాకే తిరగదు నోరు, నీకేంది సిగ్గు' అని. అప్పుడు నవ్వింది నైనా. అంతే. అప్పట్నించి నవ్వేవాళ్ళు నన్ను జూసే నవ్వుతా ఉండారు. ఆమె జోలికి ఎవురూ పోలా."

"స్టేషన్లో కూడా మానే అనేవారా?"

"ఆడెందుకు? పెరంబూరులో మరమే. చూలైలో బస్సు దిగినాక మాను."

"ఈ ఒక్కరోజు మరం అనుంటే ఏమయ్యేది బాబాయ్? చెట్టు మిగిలేది కదా!"

ఆయన చేతులకు అంటుకున్న పాలజిగురును గోక్కున్నాడు. "అనేద్దామనే అనుకున్నా. నోటిదాకా వచ్చింది. మీ పిన్ని నా చొక్కా పట్టుకుని నా నోరే జూస్తా ఉండె. అంటే ఏమైతాది? 'ఓహో, ఇంతకాలమూ ఈయన నాకోసం ఏషం వేసినాడు, ఊరు నవ్వింది నన్నే' అని ఆమెకు తెలిసిపోదా? ఈ వయసులో ఆమెను మళ్ళీ ఆ కొళాయి కాడ నిలబెట్టాల్నా?"

కోపంతో వెళ్ళినవాణ్ణి, ఆ అరుగు మీదే ఆయన పక్కన కూర్చున్నాను.

ఆ ఎండాకాలం ఆ ఇల్లు పెనంలా కాలింది. నా గదిలో పంకా ఎంత తిరిగినా వేడి గాలే. ఆ చెట్టు పోయినందుకు నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటూనే ఉంటుంది. ఆరోగ్యసామి మాత్రం మమ్మల్ని మర్చిపోలేదు. మే నెలలో ఫోన్ చేసి, "పెద్దాయన్నీ అమ్మగారినీ తీసుకురండి, గిండీ అడవిలో ఆ చెట్లు కాయలతో ఉన్నాయి, చూపిస్తాను" అన్నాడు.

వెళ్ళాం. ఊరి మధ్యలో అంత అడవి ఉందంటే, లోపలికి అడుగు పెట్టేదాకా నేను నమ్మలేదు. ఎర్ర నేల, మోకాలెత్తు ముళ్ళ పొదలు, వాటి మీద ఎత్తు తక్కువైనా దట్టంగా కమ్ముకున్న పచ్చదనం. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది, లోపల తడి నీడ. సముద్రపు గాలి ఆకుల్లోంచి వడకట్టుకుని వస్తోంది. ఈ నేల మొత్తం, అటు శ్రీహరికోట దాకా, ఇటు ఇంకా కిందికి, ఒకప్పుడు ఇలాగే ఉండేదని ఆరోగ్యసామి చెప్పాడు. ఇళ్ళు కట్టుకుంటూ, కట్టెలు కొట్టుకుంటూ వస్తే మిగిలింది ఈ కాస్త. మా పెరట్లో పుట్టింది ఎవరి తాలూకో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఓ ముసలి పాలచెట్టు దగ్గరికి బాబాయి పిల్లాడిలా పరిగెత్తి, దాని గరుకు బెరడు మీద చెంప ఆనించాడు.

పిన్నిగారూ నేనూ వెనక పడ్డాం. ఆవిడ కింద రాలిన పండు ఏరుకుని, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. తీపికి నా పెదాలు అతుక్కున్నాయి. నేను మాట్లాడలేని సమయం చూసుకునే చెప్పిందేమో అని ఇప్పుడనిపిస్తుంది.

"నీకో సంగతి చెప్తా, ఆయనతో అనొద్దు. నాకు మరం అనడం ఎప్పుడో వచ్చు చక్రవర్తీ."

నేను కళ్ళు తేలేశాను.

"లూర్దుమేరి నేర్పింది, పెండ్లయిన ఏడాదే. ఆమెతో నేను ఎప్పుడూ మరమే అంటా. కానీ ఈ మనిషికి నోరు తిరగదే! ఎంత మంది ఎగతాళి చేసినా నేర్చుకోలేకపోయినాడు. ఇంట్లో నేను కూడా మరం అంటే, పాపం, ఆయన ఒంటరోడైపోడా? ఆయనకు తోడుగా మాను అంటా వచ్చినా. ఆ పొద్దు... ఫోను లాక్కుని నేను చెప్పేద్దామనుకున్నా నాయనా. గొంతుదాకా వచ్చింది. వీధి వీధంతా ఆడే ఉండె. అందరి ముందర ఆయన తల దించుకుంటాడే అని..."

ఆవిడ మాట ఆపి, చెట్టును కౌగిలించుకున్న మొగుణ్ణి చూసింది. "మాను కోసం ఇప్పటికీ ఏడుపొస్తాది. కానీ ఏం చేసేది చెప్పు."

నా పెదాలు అతుక్కోవడం మంచిదైంది. లేకపోతే అక్కడే అరిచేసేవాణ్ణి. ఆ ఆదివారం ఫోను పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇద్దరికీ మరం అనడం వచ్చు. ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. అంత చెట్టూ అందుకు పోయింది! గోడ అవతల లూర్దుమేరి ఇన్నేళ్ళుగా ఎందుకు నవ్వుతోందో కూడా నాకప్పుడే బోధపడింది. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఉన్న మాట చెప్పేసి, తిట్టిపోయాలనిపించింది. నోరు కడుక్కుని అందుకే బయల్దేరాను కూడా.

ఇంతలో చెట్టు వెనక నుంచి ఓ చుక్కల జింక వచ్చి, బాబాయిని లెక్కచేయకుండా, రాలిన పండ్లు తినడం మొదలుపెట్టింది. బాబాయి ఊపిరి బిగబట్టి, గొంతు తగ్గించి, తమిళంలోనే పిలిచాడు, మాతో వచ్చిన గార్డుకు కూడా తెలియాలని.

"రాజీ! ఇట్రా, మాను చూడు!"

పిన్నిగారు గబగబా వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. తలెత్తి కొమ్మల్లోకి చూస్తూ, "అవును, ఎంత పెద్ద మాను!" అంది, తనూ తమిళంలోనే. జింక ఆవిడకు జానెడు దూరంలో ఉంది. బాబాయి కూడా జింకను వదిలేసి కొమ్మల్లోకి తలెత్తాడు.

గార్డు తికమకపడి, ఆ ఇద్దర్నీ చూసి, జింకను చూసి, నా వైపు తిరిగాడు. చెప్పదలచుకుంటే చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

"వాళ్ళు చూసేది మరమా, మానా సార్?" అన్నాడు.

"మానే" అన్నాను.

అతను జింకను చూస్తూ తలూపాడు. మేం ముగ్గురం చెట్టునే చూస్తూ నిలబడ్డాం.